41 శాతం తగ్గింపు నిజంగా లాభమేనా? గేమింగ్ ల్యాప్‌టాప్ ఆఫర్‌ని లెక్కగట్టడం ఎలా

2025 దసరా సేల్ మొదలైన రోజు రాత్రి మా తమ్ముడు (బాబాయి కొడుకు) వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. కింద మెసేజ్: "అన్నా, లక్షా పదివేల గేమింగ్ ల్యాప్‌టాప్ 64,990కే వస్తుంది. 41 పర్సెంట్ ఆఫ్. రేపు రాత్రితో అయిపోద్ది. నాన్నకి నువ్వే చెప్పు."

పది నిమిషాల్లో బాబాయి ఫోన్. "ఏరా, వాడేదో సగం ధరకి వస్తుందంటున్నాడు. నిజమేనా? కొనమంటావా?"

వాడు ఆ ఏడాదే విజయవాడలో బీటెక్ ఫస్టియర్‌లో చేరాడు. బాబాయిది గుడివాడ దగ్గర వరి వ్యవసాయం. 2025-26కి సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకి రూ.2,369. అంటే 75 కిలోల బస్తాకి సుమారు రూ.1,777. ఆ ధర పూర్తిగా చేతికి వస్తుందనుకున్నా, రూ.64,990 అంటే దాదాపు 37 బస్తాలు. ఇంకా కోతకి రాని చేలోంచి 37 బస్తాలు ముందే అమ్మేసినట్టు. అందుకే "బాగుంది బాబాయ్, కొనెయ్" అని వెంటనే అనలేకపోయాను. "రేపు సాయంత్రం చెప్తాను" అన్నాను.

నేనూ బీటెక్‌లో ఉన్నప్పుడు తగ్గింపు శాతం చూసి ఒకటి కొన్నాను. స్క్రీన్ రంగులు వెలిసిపోయినట్టు ఉండేవి. ర్యామ్ పెంచుదామంటే బోర్డుకే అతికించి ఉంది. మే నెల వచ్చిందంటే గేమ్ ఆగి ఆగి నడిచేది. వాడికి అదే జరగకూడదని ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. అదే లెక్క ఇక్కడ స్టెప్ బై స్టెప్ చెప్తున్నాను. మీరు చూస్తున్న ఆఫర్‌కి మీరే వేసుకోవచ్చు.

1. ముందు శాతాన్ని మర్చిపోండి

ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపి, అంతకుమించి అమ్మకూడని గరిష్ఠ ధర. అంతే. ఆ వస్తువు ఎప్పుడైనా ఆ ధరకి అమ్ముడైందని అర్థం కాదు. బీసెంట్ రోడ్డులో ఆషాఢం సేల్ బోర్డులు చూసి పెరిగిన వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఎమ్మార్పీ ఎంత ఎక్కువ వేస్తే తగ్గింపు అంత పెద్దగా కనిపిస్తుంది.

మనకి కావాల్సింది సేల్‌కి ముందు అమ్మిన ధర. కీపా లాంటి ప్రైస్ హిస్టరీ టూల్స్‌లో పాత ధరల గ్రాఫ్ కనిపిస్తుంది. అది దొరక్కపోతే సేల్‌కి మూడు వారాల ముందే విష్‌లిస్ట్‌లో పెట్టి, వారానికోసారి స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తమ్ముడు పంపిన మోడల్ అంతకుముందు నెలంతా రూ.67,990కి అమ్ముడైంది. అంటే అసలు తగ్గింది రూ.3,000. శాతంలో చూస్తే నాలుగున్నర కూడా కాదు.

ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గిందని ఆ సీజన్‌లో అందరూ అన్నారు. ఏసీలకి, పెద్ద టీవీలకి 28 శాతం నుంచి 18కి తగ్గిన మాట నిజమే. ల్యాప్‌టాప్ మీద ముందూ 18 శాతమే, తర్వాతా 18 శాతమే. కాబట్టి ల్యాప్‌టాప్ దగ్గర "జీఎస్టీ తగ్గింపు" అని ఎవరైనా చెప్తే, అది వాళ్ళు మామూలుగా ఇచ్చే డిస్కౌంటే అనుకోండి.

2. జేబులోంచి వెళ్ళేది ఎంత?

బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో ఇంకా తక్కువ ధర ఉంది: రూ.61,990. కింద చిన్న అక్షరాల్లో ఫలానా క్రెడిట్ కార్డు, పాత ల్యాప్‌టాప్ ఎక్స్చేంజ్. బాబాయి దగ్గర క్రెడిట్ కార్డు లేదు, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ లేదు. కాబట్టి ఆ ధర వాళ్ళకి సంబంధించింది కాదు.

నో కాస్ట్ ఈఎంఐ కూడా అంతే. వడ్డీకి సమానమైన డిస్కౌంట్ ముందే ఇస్తారు కానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. వడ్డీ రూ.5,000 అనుకుంటే జీఎస్టీ రూ.900. దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు. పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ లెక్కలో రాసుకోండి.

3. గ్రాఫిక్స్ కార్డు పేరు పక్కన వాట్లు చూడండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆర్‌టీఎక్స్ 4050 అని రాసి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే వేగంతో నడవాలని లేదు. ల్యాప్‌టాప్ 4050కి ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. ఆ మధ్యలో ఎంత ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. ఒకే ఇంజిన్‌కి ఒకరు పైపంత పెట్రోల్, ఇంకొకరు స్ట్రా అంత పెట్రోల్ ఇచ్చినట్టు.

ఈ సంఖ్యని టీజీపీ అంటారు. సేల్ పేజీలో చాలాసార్లు కనిపించదు. కంపెనీ సొంత సైట్‌లో స్పెసిఫికేషన్స్ షీట్ చూడండి. అక్కడా లేకపోతే అదే మోడల్ నంబర్ రివ్యూలు వెతకండి. అలాగని 140 వాట్లు అని రాశారు కదా అని ఎగబడొద్దు. 4050, 4060 లాంటి చిప్‌లకి సుమారు 100 వాట్లు దాటాక గేముల్లో వచ్చే లాభం చాలా తక్కువ.

పెద్ద నంబర్ ఉంటే పెద్ద కార్డు అనీ కాదు. ఆర్‌టీఎక్స్ 2050 వచ్చింది 3050 తర్వాతే, లోపల ఉన్నదీ ఆ తరం చిప్పే. కానీ దాని మెమరీ దారి 64 బిట్లు, 4జీబీ 3050కి 128 బిట్లు. ఇంకోటి గుర్తుంచుకోండి: గ్రాఫిక్స్ మెమరీని తర్వాత పెంచుకోవడం కుదరదు. 4జీబీ కొంటే నాలుగేళ్ళూ 4జీబీయే.

4. ప్రాసెసర్ తరం చూసి మోసపోకండి

"12వ తరం కంటే 13వ తరం మంచిది కదా?" ప్రతిసారీ కాదు. కోర్ ఐ5-12500హెచ్‌లో 12 కోర్లు. కోర్ ఐ5-13420హెచ్‌లో 8. ఏఎమ్‌డీ రైజెన్ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌లలో అయితే మూడో అంకె చూడండి. 7840హెచ్‌ఎస్‌లో 4 ఉంది, అంటే జెన్ 4. 7735హెచ్‌ఎస్‌లో 3, అంటే అంతకుముందు తరం డిజైన్.

తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రైజెన్ 7 7435హెచ్‌ఎస్ ఎక్కువగా కనిపిస్తుంది. చిప్ మంచిదే. కానీ అందులో సొంత గ్రాఫిక్స్ లేదు. అంటే క్లాసులో పీడీఎఫ్ చదువుతున్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డే పనిచేయాలి, బ్యాటరీ తొందరగా దిగుతుంది. ఎప్పుడూ ప్లగ్ దగ్గరే కూర్చునేవాళ్ళకి ఫర్వాలేదు, క్లాసులకి మోసుకెళ్ళేవాళ్ళు ఆలోచించాలి.

5. మార్చగలిగేవి, మార్చలేనివి

ఈ రెండు లిస్టులు విడిగా రాసుకోండి. చాలా మోడల్స్‌లో ర్యామ్, ఎస్ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చు, కానీ ఖాళీ స్లాట్ ఉందో లేదో ముందే చూడాలి. స్క్రీన్, గ్రాఫిక్స్, కూలింగ్ మాత్రం కొన్నవే చివరిదాకా.

8జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే సమస్య 8జీబీ మాత్రమే కాదు. రెండు స్టిక్‌లు ఉంటే ప్రాసెసర్‌కి మెమరీ దగ్గరికి రెండు దారులుంటాయి, ఒకటే ఉంటే ఒక దారి. గేముల్లో ఆ తేడా తెలుస్తుంది.

స్క్రీన్ దగ్గర 144 హెర్ట్జ్ అని పెద్దగా రాస్తారు. రంగుల సంగతి చిన్నగా రాస్తారు. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" ఉంటే బాగుంటాయి.

6. రివ్యూ ఏసీ గదిలో, మన ఆట హాస్టల్ గదిలో

విజయవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఇది ల్యాప్‌టాప్‌కి కూడా వర్తిస్తుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా బయటి గాలితోనే చల్లబరచాలి. చిప్ 87 డిగ్రీల దగ్గర తన వేగం తగ్గించుకుంటుందనుకుందాం. గది 25 డిగ్రీలుంటే మధ్యలో తేడా 62. మేలో ఏసీ లేని గది 38 ఉంటే తేడా 49. వేడి బయటికి పోయేది సుమారుగా ఈ తేడాని బట్టే. అంటే అదే ల్యాప్‌టాప్, అదే ఫ్యాన్, కానీ బయటికి పంపగలిగే వేడి దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది.

అందుకే ఏసీ గదిలో తీసిన వీడియోలో వచ్చిన ఎఫ్‌పీఎస్ మీ గదిలో రావాలని లేదు. రివ్యూలో మొదటి ఐదు నిమిషాల స్కోర్ కాదు, అరగంట ఆడాక ఎంత వచ్చిందో చూడండి. అక్కడే బాగా పడిపోతే, మన ఎండాకాలంలో ఇంకా పడిపోతుంది.

7. వారంటీ మీ ఊరికి వస్తుందా?

ఆన్‌సైట్ వారంటీ అంటే టెక్నీషియన్ ఇంటికి రావాలి. మీ పిన్‌కోడ్‌కి వస్తారో లేదో కొనకముందే కస్టమర్ కేర్‌ని అడగండి. హాస్టల్ పిన్‌కోడ్, ఊరి పిన్‌కోడ్ రెండూ అడగాలి.

మామూలు వారంటీలో నీళ్ళు పోయడం, కింద పడటం రావు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగిన సంగతి మనకి తెలుసు. యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ తీసుకుంటే, వరద లాంటివి అందులో వస్తాయో లేదో కండిషన్స్ చదివాకే డబ్బు కట్టండి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన

తమ్ముడు పంపింది ఏ అనుకుందాం. దానికి పోటీగా నేను వెతికింది బి. రెండిట్లోనూ ఆర్‌టీఎక్స్ 4050.

ఏ: ఎమ్మార్పీ రూ.1,09,990, తగ్గింపు 41 శాతం, ధర రూ.64,990. గ్రాఫిక్స్ 60 వాట్లు. 8జీబీ ఒకే స్టిక్. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ స్క్రీన్.

బి: ఎమ్మార్పీ రూ.95,990, తగ్గింపు 22 శాతం, ధర రూ.74,990. గ్రాఫిక్స్ 105 వాట్లు. 16జీబీ, రెండు స్టిక్‌లు. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ స్క్రీన్.

చూడగానే ఏ పదివేలు చవక. కానీ దానికి ఇంకో 8జీబీ స్టిక్ వేయాల్సిందే. ఆ రోజు షాపులో రూ.2,800 చెప్పారు. అప్పుడు ఏ ధర రూ.67,790. నిజమైన తేడా రూ.7,200. బాబాయి లెక్కలో నాలుగు బస్తాలు. ఆ నాలుగు బస్తాలకి వచ్చేవి తర్వాత డబ్బు పెట్టినా మార్చలేనివి: స్క్రీన్, గ్రాఫిక్స్‌కి అందే కరెంటు.

మర్నాడు సాయంత్రం బాబాయికి ఇదే చెప్పాను. తమ్ముణ్ణి కూడా ఒక మాట అడిగాను: "నువ్వు ఆడేదేంట్రా?" "వాలరెంట్, జీటీఏ 5." ఆ రెండిటికీ 4050 కూడా అక్కర్లేదు. ఫస్టియర్‌లో సీ, పైథాన్‌కి ఏ ల్యాప్‌టాప్ అయినా చాలు. నాలుగేళ్ళు వాడాలి, మధ్యలో కొత్త గేములు ఆడాలి అనుకుంటేనే బి. లేదంటే ఇంకా తక్కువలో చూసుకోవచ్చు. నిర్ణయం వాళ్ళకే వదిలేశాను.

ఆ రాత్రి ఎవరూ ఏమీ కొనలేదు. టైమర్ సున్నాకి వచ్చింది. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దీపావళి సేల్‌లో రెండు మోడల్సూ అవే ధరలకి మళ్ళీ వచ్చాయి. "నాలుగేళ్ళకి నాలుగు బస్తాలేగా, ఏడాదికో బస్తా" అని బాబాయి బి కొనిచ్చాడు. ఆ తర్వాత 2025 చివర్లో ప్రపంచమంతా ర్యామ్ ధరలు పెరిగాయి. "8జీబీ కొనుక్కుని తర్వాత వేసుకుందాంలే" అనుకున్నవాళ్ళకి నేను రాసిన రూ.2,800 లెక్క కూడా సరిపోలేదు.

కొనే ముందు ఒక కాగితం మీద ఈ ఐదూ రాయండి: నెల కిందటి ధర, నా జేబులోంచి వెళ్ళే మొత్తం, గ్రాఫిక్స్ వాట్లు, తర్వాత పెట్టాల్సిన ఖర్చు, ఎప్పటికీ మార్చలేని లోపాలు. ఐదూ నిండాక కూడా ధర బాగుందనిపిస్తే ధైర్యంగా కొనేయండి. ఒక్కటి ఖాళీగా ఉన్నా టైమర్‌ని తిరగనివ్వండి. మా తమ్ముడి టైమర్ సున్నా అయింది, మూడు నాలుగు వారాలు తిరక్కుండానే అదే ధర మళ్ళీ వచ్చింది.