రాక్షసగుళ్ల చెంత స్త్రీమూర్తులు

స్త్రీరూపము కనబడినంతనే అమ్మవారని చేతులు జోడించుట మనకు సహజము. అది భక్తికి శోభయే. కాని వేల యేండ్ల క్రిందట ఆ శిలను మలచినవాని హృదయములో ఏమున్నదో తెలిసికొనుటకు ఆ నమస్కార మొక్కటియే చాలదు.

ఓరుగల్లునకు తూర్పున తాడ్వాయి, కాటాపురము, మల్లూరు మొదలుకొని కిన్నెరసాని లోయ వరకు గల అడవులలో ఇనుపయుగపు సమాధులు వందలకొలది కలవు. పెద్ద బండపలకలతో పేర్చిన ఈ కట్టడములను జనులు రాక్షసగుళ్లందురు. వాని చెంత కొన్ని చోట్ల ఏకశిలామూర్తులు నిలిచియున్నవి. తలయు, అడ్డముగా చాచిన భుజములును మాత్రమే రూపించి, తక్కినదంతయు మొద్దురాయిగా విడిచిరి. 19వ శతాబ్దిలో ఆంగ్లేయులు కొందరు వీనిని చూచి క్రైస్తవ శిలువలని తలచిరి. ఫెర్గూసన్ 1872లో ప్రకటించిన గ్రంథమున ఆ మతమునే సమర్థించెను. తన యింటి గుర్తును పరుల యింట వెదకుట పండితులకును తప్పలేదు!

ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గుండాల మండలమున దొంగతోగు అను చోట ఇట్టి మూర్తులకు స్తనములు స్పష్టముగా చెక్కబడియున్నవి. ఈమె యెవరు? మృతులను మరల తన గర్భమున చేర్చుకొను భూమాత యని యొక యూహ. సమాధిని కాచు దేవత కావచ్చును, వంశమునకు మూలపుటమ్మ కావచ్చును. లేదా, ఆ రాతిగూటిలో నిద్రించు స్త్రీకే అది గుర్తు కావచ్చును. ఈ కడపటి యూహయే నాకు సమంజసముగ తోచుచున్నది. ఏలయన, ఈ ప్రాంతపు మూర్తులలో పెక్కింటికి స్తనములు లేవు. అన్నియు ఒకే తల్లి ప్రతిమలైనచో ఈ భేదమేల? బస్తరు గోండులలో మృతుల పేర రాళ్లు నిలుపు ఆచారమును ప్రసిద్ధమే.

అట్లని ప్రాచీనులకు స్త్రీదేవతయే లేదనుటయు తొందరపాటగును. పుణె సమీపమున ఇనాంగాములో, మూడువేల యేండ్లకు పైబడిన యొక యింటి నేల క్రింద మూతగల మట్టిపెట్టె దొరకినది. లోపల నొక స్త్రీబొమ్మ. పైన తలలేని మరియొక స్త్రీబొమ్మయు, ఒక యెద్దును. అన్నియు కాల్చని పచ్చిమట్టివి. పిల్లల ఆటబొమ్మలను ఇంత జాగ్రత్తగా ఎవరు పూడ్చిపెట్టుదురు? ఇచ్చట పూజాభావమును తెలుపునది బొమ్మ ఆకారము కాదు, దానిని దాచిన తీరు.

ఇక మేడారము సంగతి చూడుడు. అదియు రాక్షసగుళ్లున్న ఆ తాడ్వాయి అడవులలోనిదే. రెండేండ్లకొకమారు మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షలాది జనులు వచ్చుచుందురు. ఆ తల్లులకు విగ్రహము లేదు. చిలుకలగుట్ట నుండి సమ్మక్కను కుంకుమభరిణె రూపమున కోయ పూజారులు తెత్తురు. గద్దెలపై వెదురు నిలుపుదురు. భక్తులు బంగారమని పిలుచుచు బెల్లము సమర్పింతురు. కుంకుమ వానకు కరగును, వెదురు చివుకును, బెల్లము చీమలపాలగును. మరి మూడువేల యేండ్లకు అచ్చట త్రవ్వి చూచువానికి, పూజలందిన స్త్రీమూర్తి యొక్కటియు దొరకదు.