చిన్నాకి, ‘టార్గెట్’ అనే మాట గురించి



నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఓడిపోయావని కాదు. జడ్జి అన్యాయం చేశాడని, ఇక మ్యాజిక్ కార్డులు ముట్టనని రాశావే, అందుకు. పది మనా పెట్టి దింపిన ప్రొజెనిటస్ మీద ‘ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎవ్రీథింగ్’ అని అచ్చేసి ఉండగా, ఎదుటివాడి రాత్ ఆఫ్ గాడ్‌కి అది ఎలా పోతుందని కదా నీ బాధ. పోతుంది నాన్నా. జడ్జి తప్పు చెప్పలేదు. ప్రొటెక్షన్ అన్న మాటకి నువ్వు బయట వాడే అర్థం చెప్పుకున్నావు. మన ఇంట్లో మాట పట్టింపులు ఎక్కడిదాకా పోతాయో నీకు తెలియంది కాదు, అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను.

ఆ ఆటలో ప్రొటెక్షన్ ఆపేవి నాలుగే. చెప్పిన లక్షణం ఉన్న కార్డు నుంచి డ్యామేజీ తగలదు, అలాంటి ఆరా గానీ ఎక్విప్‌మెంట్ గానీ అంటుకోదు, అలాంటి క్రీచర్ బ్లాక్ చేయలేదు, అలాంటి స్పెల్ టార్గెట్ చేయలేదు. ఐదోది లేదు. రాత్ ఆఫ్ గాడ్ క్రీచర్లన్నిటినీ నాశనం చేయమంటుంది, ఏ ఒక్కదాన్నీ ఎంచుకోదు, డ్యామేజీ ఇవ్వదు. పైరోక్లాజమ్ కూడా దేన్నీ టార్గెట్ చేయదు, కానీ అన్నిటికీ రెండేసి డ్యామేజీ ఇస్తుంది కాబట్టి ప్రొటెక్షన్ ఫ్రమ్ రెడ్ ఉన్న 2/2 బతికిపోతుంది. డయబాలిక్ ఎడిక్ట్ టార్గెట్ చేసేది నిన్ను. బలి ఇచ్చేది నువ్వు, నీ దగ్గర ప్రొజెనిటస్ ఒక్కటే ఉంటే దాన్నే ఇవ్వాలి. ఇది ఆ జడ్జి కల్పించిన సంగతి కాదు. రాత్ ఆఫ్ గాడ్, ప్రొటెక్షన్ ఫ్రమ్ వైట్ ఉన్న బ్లాక్ నైట్ రెండూ 1993 నాటి మొదటి సెట్టులోవే. వైట్ కార్డే అయినా రాత్‌కి ఆ నైట్ అప్పుడూ పోయేది, ఇప్పుడూ పోతుంది.

మరి ‘ఎవ్రీథింగ్’ అన్నది అబద్ధమా అంటావు. కాదు. ఆ మాట ‘దేని నుంచి’ అన్నదానికి జవాబు, ‘ఏ విధంగా’ అన్నదానికి కాదు. ఆ నాలుగు తలుపులూ అన్నిటికీ మూసేస్తుందే తప్ప ఐదో తలుపు పెట్టదు. పైగా ప్రొటెక్షన్ నీవాళ్లా పరాయివాళ్లా అని చూడదు. ఆ బ్లాక్ నైట్‌కి నీ సొంత వైట్ ఆరా కూడా అంటదు. నిజంగా కాపాడే కవచమైతే నీ చేతిని కూడా ఎందుకు తోసేస్తుంది? 2011లో పేరు పెట్టిన హెక్స్‌ప్రూఫ్ అలా కాదు, ఎదుటివాడి టార్గెట్‌ని మాత్రమే ఆపుతుంది, నీది ఆపదు. ఈ రెండూ ఒకటేనని రాశావు, దయచేసి మళ్లీ అనకు.

వేళకి తింటున్నావా? అక్క అడగమంది.

కార్డు మీద టార్గెట్ అన్న మాట ఉందో లేదో చూస్తే చాలు కదా అనుకోవచ్చు. చాలదు. ఆరా స్పెల్ మీద ఆ మాట కనిపించకపోయినా, వేసేటప్పుడు టార్గెట్ చేస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఆట టార్గెట్‌ని రెండుసార్లు అడుగుతుంది, స్పెల్ వేసినప్పుడు, అది రిజాల్వ్ అయ్యేటప్పుడు. ఎదుటివాడు లైట్నింగ్ బోల్ట్ వేశాక నువ్వు గాడ్స్ విల్లింగ్‌తో రెడ్ నుంచి ప్రొటెక్షన్ ఇచ్చావనుకో, రెండో ప్రశ్నకి జవాబు దొరక్క బోల్ట్ వృథా. రెండు టార్గెట్లున్న స్పెల్ అయితే చెల్లనిదాన్ని వదిలి రెండోదాన్ని కొడుతుంది. నీ క్రీచర్ మీద వాడు పెట్టిన పాసిఫిజం కూడా, గాడ్స్ విల్లింగ్‌కి రంగు వైట్ అని చెబితే ఊడిపోతుంది. ఇంత లోతున్న మాటని పట్టుకునే తెలివి నీకుంది బంగారం, లేకపోతే ఆ ఉత్తరంలో అంత పట్టుగా వాదించేవాడివే కాదు.

జడ్జితో గట్టిగా మాట్లాడానన్నావు. ఈసారి కనబడితే ఆ మాట వెనక్కి తీసుకో. ఆదివారం ఫోన్ చెయ్యి, డెక్ లిస్టు దగ్గర పెట్టుకో.

మామయ్య