రొయ్యలో మందు జాడ

గోదావరి డెల్టా అనగానే పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు మన కనుల ముందు నిలుస్తాయి. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాలలో ప్రయాణించేవారికి నేడు చేల సరసనే చేపల చెరువులు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. ఇక్కడ పెరిగిన రొయ్య సముద్రాలు దాటి విదేశీయుల భోజనపు బల్లను చేరుతున్నది.

రొయ్యల సాగు లాభంతోపాటు భయాన్నీ తెచ్చింది. 1994-95 సంవత్సరాలలో తెల్లమచ్చ వ్యాధి కోస్తాలోని టైగర్ రొయ్యల సాగును దారుణంగా దెబ్బతీసింది. అది వైరస్ వల్ల కలిగే వ్యాధి. వైరస్‌పై యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. అయినా పెట్టుబడి మునుగుతుందన్న ఆందోళనలో ఉన్న రైతు, ఎవరు ఏ మందు చెబితే ఆ మందును మేతలో కలపడానికి సిద్ధపడతాడు.

అలా వాడిన మందులో కొంత రొయ్య మాంసంలో నిలిచిపోతుంది. దానినే ఔషధ అవశేషం అంటారు. క్లోరాంఫెనికాల్ అనే మందు కొందరిలో, అరుదుగానైనా, ఎముకమజ్జను దెబ్బతీసి రక్తకణాల ఉత్పత్తిని ఆపివేస్తుంది. అందుచేత ఆహార జంతువులలో దాని వాడకాన్ని నిషేధించారు. 2001, 2002 సంవత్సరాలలో ఆసియా రొయ్యలలో ఈ మందు జాడలు ఐరోపాలో బయటపడ్డాయి. నాటినుండి తనిఖీలు కఠినమైనాయి. 2016లో ఐరోపా సమాఖ్య భారతదేశపు సాగు రొయ్యల సరుకులో తనిఖీ చేసే భాగాన్ని 10 శాతం నుండి 50 శాతానికి పెంచింది. 2022 నవంబరు నుండి అక్కడ క్లోరాంఫెనికాల్ విషయంలో చర్యకు గీచిన గీత కిలోకు 0.15 మైక్రోగ్రాము. అంటే వేయి టన్నుల రొయ్యలలో గ్రాములో ఆరవ వంతుకన్న తక్కువ!

ఇంతటి సూక్ష్మ పరిమాణాన్ని పట్టుకొనేందుకు ఉపయోగపడే సత్వర పరీక్షలలో ఎలైసా ఒకటి. చిన్న గుంటలున్న పలకలో, ఒక మందును మాత్రమే గుర్తించి పట్టుకొనే ప్రతిరక్షకాలను అంటిస్తారు. రొయ్యనుండి తీసిన ద్రవాన్ని, ఎంజైము తగిలించిన అదే మందును కలిపి అందులో పోస్తారు. రెండూ ప్రతిరక్షకాలకోసం పోటీపడతాయి. నమూనాలో మందు ఎక్కువగా ఉంటే చివరికి వచ్చే రంగు పలుచబడుతుంది. మందు లేకుంటే రంగు చిక్కగా వస్తుంది. కొన్ని గంటలలో ఫలితం తెలుస్తుంది. అనుమానం కలిగిన నమూనాను మరింత కచ్చితమైన యంత్రాలతో నిర్ధారించుకోవాలి.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ భీమవరంలో ఇటువంటి ప్రయోగశాలను నెలకొల్పింది. ఐరోపాకు పంపదలచిన రొయ్యలను చెరువు పట్టుబడికి ముందే పరీక్షిస్తారు. శుద్ధి కర్మాగారంలో పలు చెరువుల రొయ్యలు ఒకచోట చేరుతాయి. ఒక చెరువులోని తప్పు వల్ల మొత్తం సరుకు తిరస్కరణకు గురైతే, ఏ మందూ వాడని రైతు కూడా నష్టపోతాడు. కనుక ముందస్తు పరీక్ష నిజాయితీపరునికి రక్షణ.

ఇక్కడ ఒక విశేషం స్మరింపదగినది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలోనే జన్మించారు. ఆయన నేతృత్వంలోని లెడర్లీ పరిశోధనాలయం 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి అందించింది. ఆయన మరణానంతరం, 1950లో, అదే మందు మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతాయని అక్కడి శాస్త్రజ్ఞులే ప్రకటించారు. ప్రాణం నిలిపే మందు మేతలో దినుసుగా మారింది. అతిగా వాడిన మందుకు సూక్ష్మజీవులు లొంగకుండా పోతాయి. అప్పుడు రోగికి దిక్కేది? ఈ ప్రశ్నకు సమాధానం ప్రయోగశాలలో కన్న ముందు చెరువు గట్టున మొదలుకావాలి.

ప్రశ్నలు
1. తెల్లమచ్చ వ్యాధికి యాంటీబయాటిక్ మందులు ఎందుకు పనిచేయవు?
2. ఎలైసా పరీక్షలో రంగు పలుచబడితే ఏమని గ్రహించాలి?
3. ముందస్తు పరీక్ష నిజాయితీపరుడైన రైతుకు ఎట్లు రక్షణ అవుతుందో వివరించండి.