వాలంటీర్లు దిగేలోపే నేర్చుకోవాల్సినవి

నమీబియా దేశంలో, కునేనే ప్రాంతపు ఎడారి ఏనుగులు తిరిగే చోట ఒక పని ఏళ్ల తరబడి సాగుతోంది. దాహంతో వచ్చే ఏనుగులు రైతుల పంపుల్నీ ట్యాంకుల్నీ పైపుల్నీ విరగ్గొట్టకుండా వాటి చుట్టూ రాతిగోడలు కడుతున్నారు. ఏనుగుకు నీళ్లు దొరుకుతాయి, రైతుకు పంపు మిగులుతుంది. రాళ్లు మోసేది, సిమెంటు కలిపేది దేశదేశాల నుంచి వచ్చే వాలంటీర్లు. ఎలిఫెంట్ హ్యూమన్ రిలేషన్స్ ఎయిడ్ అనే సంస్థ ఈ పనిని ఒక వారం గోడ కట్టడం, ఇంకో వారం ఏనుగుల జాడ వెతకడంగా నడుపుతుంది. ఏనుగులు వచ్చిపడే కుప్పం, పలమనేరు వైపు పొలాలున్నవాళ్లకు ఆ రైతుల కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇలాంటి బృందానికి లీడరుగానో, డాక్టరుగానో, బండ్లూ సామానూ చూసే బాధ్యుడిగానో ఎంపికైనవాళ్ల కోసం ఈ మాటలు. వాలంటీర్లలో చాలామంది ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్లలు. మీరేం చేయగలరన్న దానిమీదే వాళ్ల క్షేమం ఆధారపడి ఉంటుంది. అందుకే వాళ్లకంటే ముందు సిబ్బందికి ఇచ్చే శిక్షణను పరిచయాల కార్యక్రమం అనుకోకండి. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజులు అవే.

ముందు బండి గురించి. సింహాలూ పాములూ అని భయపడతాం గానీ, అక్కడ ఎక్కువ జాగ్రత్తపడాల్సింది రోడ్డు దగ్గర. నమీబియాలో చాలా రోడ్లు కంకరవే. మనలాగే ఎడమవైపే నడపాలి కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. వదులు కంకర మీద బండి వెనక భాగం పక్కకు జారినప్పుడు మనిషి భయపడి స్టీరింగ్ గట్టిగా తిప్పుతాడు, బ్రేకు తొక్కుతాడు. బండి పల్టీ కొడుతుంది. చేయాల్సింది యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకోవడం. ఇది చదివితే వచ్చేది కాదు. శిక్షణలో ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంతో, పక్కన అనుభవజ్ఞుణ్ని కూర్చోబెట్టుకుని పదేపదే చేయాలి. సామానంతా ఎక్కించిన బండితో కూడా చేయాలి. టాపు మీద బరువు పెరిగితే అదే బండి మరోలా ప్రవర్తిస్తుంది. ఎంత నమ్మకం కుదిరినా కంకర మీద 80 కిలోమీటర్లు దాటొద్దు, బరువుంటే ఇంకా తగ్గించండి. ముందు బండి లేపే దుమ్ములో దూరకండి. చీకటి పడ్డాక అసలు కదలకండి. కూడూ అనే పెద్ద జింకలు ఒక్కసారిగా రోడ్డు మీదకు దూకుతాయి. స్టెప్నీ మార్చడం, టైర్లలో గాలి తగ్గించడం, మళ్లీ నింపడం డ్రైవరుకే కాదు, సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ వచ్చి తీరాలి.

తర్వాతది, గాయపడ్డవాళ్లను తరలించే రిహార్సల్. కొరిహాస్ చుట్టుపక్కల పనిచేస్తుంటే పెద్ద ఆసుపత్రులున్న విండ్‌హోక్ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే ఒకరిని కాలు విరిగినట్టు పడుకోబెట్టి నిజంగానే అంతా చేసి చూడండి. స్ట్రెచర్ ఎవరు మోస్తారు? ఎంతసేపట్లో బండి దగ్గరికి చేరారు? శాటిలైట్ ఫోన్ ఎక్కడుంది, ఛార్జింగ్ ఎంతుంది? ఫోనులో అక్షాంశ రేఖాంశాల అంకెల్ని తప్పు లేకుండా చదివి, అవతలివాళ్ల చేత తిరిగి చెప్పించారా? బీమా పాలసీ నంబరు డాక్టరు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరైనా ఉందా? గడియారం చూసి రాసుకోండి. మొదటిసారి తప్పకుండా గందరగోళం అవుతుంది. అది రిహార్సల్లో అయితే మంచిదే. పొద్దునా సాయంత్రమూ బేస్‌కు కబురు చెప్పే వేళలు, ఒక కబురు తప్పితే ఏం చేయాలి, రెండు తప్పితే బండి ఎప్పుడు బయల్దేరాలి అన్నవి కూడా అప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

నీళ్ల లెక్క వేలి కొసల మీద ఉండాలి. ఎండలో రాళ్లు మోసే మనిషికి రోజుకు తాగడానికే ఐదు లీటర్లు అనుకోండి. పద్నాలుగు మందికి మూడు రోజులకు 210 లీటర్లు. వంటకూ చేతులకూ వేరే. ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి కొలిచినవే. ఎండిన నది ఇసుక మెత్తగా ఉంది కదాని అందులో గుడారం వేయకండి. అది ఏనుగుల దారి, పైన ఎక్కడో వాన పడితే వరద దారి.

పాము కాటుకు మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాల కోసం తయారైంది. అక్కడి పఫ్ ఆడర్‌కూ బ్లాక్ మాంబాకూ అది పనికిరాదు. ఇక్కణ్నుంచి మోసుకెళ్లే ఆలోచన మానేసి, దగ్గర్లో ఏ ఆసుపత్రిలో సరైన మందు ఉందో ముందే కనుక్కోండి. కరిచిన చోట కోయడం, పీల్చడం వద్దు. ఉంగరాలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి బయల్దేరాలి. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవడం పిల్లలకు మీరు చేసి చూపించాలి.

ఇంటి దగ్గరే తేలాల్సినవి కొన్ని. జీతం లేని సేవే అయినా టూరిస్టు వీసా మీద పని చేయకూడదు. పని వీసా సంస్థ చేతే తెప్పించుకోండి. విమానం ఇథియోపియా, కెన్యాల మీదుగా వెళ్తుండి మీరు అక్కడ ఎయిర్‌పోర్టు దాటి బయటికొస్తే, ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. ఆ టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. నమీబియా ఉత్తర భాగంలో మలేరియా ఉంది. మాత్రలు తిరిగొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. ఇంటికొచ్చాక నెలల తర్వాత జ్వరమొచ్చినా, ఆఫ్రికా వెళ్లొచ్చానని డాక్టరుకు మొట్టమొదటే చెప్పండి. ఇంకొకటి, మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలికాలం. రాత్రిళ్లు ఎడారి వణికిస్తుంది. స్వెట్టరు మరవకండి.

స్థానికుల విషయం కూడా శిక్షణలో భాగమే. 1996లో వచ్చిన చట్టం అక్కడి ఉమ్మడి భూముల ప్రజలకు తమ పరిసరాల్లోని వన్యప్రాణుల మీద హక్కులిచ్చింది. ఆ నేల మీద మీరు అతిథులు. ఊరిపెద్దను పలకరించకుండా తట్ట ఎత్తకండి. గోడ ఎక్కడ కట్టాలో రైతునే చెప్పనివ్వండి. అడక్కుండా ఊరి పిల్లల ఫొటోలు తీయకండి, తీయనివ్వకండి.

వాలంటీర్ల ఆరోగ్య వివరాల ఫారాలు వాళ్లు రాకముందే చదవండి. ఎవరికి ఉబ్బసం, ఎవరికి తేనెటీగ కుడితే పడదు, ఎవరు మానసిక వైద్యానికి మందులు వాడుతున్నారు అన్నవి లీడరుకు తెలిసుండాలి. ఆ విషయాలు డాక్టరునూ లీడరునూ దాటి బయటికి పోకూడదు. ఉన్నట్టుండి మాట తగ్గించి, నీళ్లు తాగడం తగ్గించిన పిల్లవాడి దగ్గరికి ముందు వెళ్లండి.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు సంస్థను మూడు అడగండి. సిబ్బందికి శిక్షణ ఎన్ని రోజులు, అందులో బండి నడిపించి చూస్తారా? గాయపడ్డవాళ్లను తరలించే పథకం కాగితం మీద ఉందా? పని ఆపేయమని చెప్పే హక్కు సిబ్బందిలో అందరికీ ఉందా? వీటికి సూటిగా జవాబు చెప్పని సంస్థతో వెళ్లకండి. మీ ప్రాణంతో పాటు ఎవరో కన్న పిల్లల ప్రాణాలు కూడా అందులో ఉన్నాయి.