మేడమీద తేనెపెట్టె, వంటింట్లో కేకు

ఈసారి ఒక కుటుంబం గురించి చెప్పి, దాని ద్వారా మనమందరం నేర్చుకోవలసిన నాలుగు పాఠాలు వ్రాస్తున్నాను. వారి అనుమతితోనే వ్రాస్తున్నాను గాని పేర్లు చెప్పను.

వారిది నగరంలో సొంత ఇల్లు. తాతగారు రిటైరయిన తరువాత శిక్షణ పొంది, మేడమీద రెండు తేనెపెట్టెలు పెట్టుకున్నారు. కోడలు కేకులు చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. క్రిస్మసుకు, పుట్టినరోజులకు మామగారి తేనె, కోడలి కేకు ఆ వీధిలో పేరు పొందాయి. ఇంట్లో షుగరున్న నాయనమ్మ, పది నెలల మనుమరాలు కూడా ఉన్నారు.

ఒకరోజు పాపకు జలుబని ఓ.పి.కి తీసుకొచ్చిన కోడలు నన్ను అడిగింది: "సిస్టర్ గారూ, పాపకు తేనె పెట్టవద్దన్నారు. కానీ మాది కల్తీ లేని ఇంటి తేనె. పైగా కేకులో బాగా కాలిపోతుంది కదా. ఒక చిన్న ముక్క పెట్టవచ్చా?"

మొదటి పాఠం: ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు

ఈ ప్రశ్న చాలా మంచిది. జవాబు మాత్రం "వద్దమ్మా" అనే.

మట్టిలో, దుమ్ములో క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి యొక్క బీజాలు ఉంటాయి. అవి తేనెలోకి కూడా చేరవచ్చును. పెద్దవారి పేగులలో అవి సాధారణంగా మొలకెత్తలేవు. ఏడాదిలోపు బిడ్డ పేగులు ఇంకా పరిపక్వం కాలేదు గనుక అక్కడ అవి పెరిగి విషాన్ని తయారు చేయగలవు. ఆ విషం నరాలపై పనిచేసి కండరాలను చచ్చుబరుస్తుంది. ఈ జబ్బును వైద్యులు మొదట 1976లో గుర్తించారు. ఇది అరుదైనదే గాని, వస్తే బిడ్డ ఊపిరి తీసుకొనే శక్తిని కోల్పోవచ్చును.

తేనె కల్తీదా, స్వచ్ఛమైనదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. స్వచ్ఛమైన తేనెలోనూ ఆ బీజాలు ఉండవచ్చు. ఇక కేకు సంగతి. ఓవెన్ 180 డిగ్రీలలో ఉన్నా, తడి ఉన్నంతవరకు కేకు లోపలి వేడి సుమారు 100 డిగ్రీలు దాటదు. ఈ బీజాలు మరిగే నీటిని కూడా తట్టుకుంటాయి. వాటిని చంపడానికి పీడనంతో కూడిన 121 డిగ్రీల ఆవిరి కావాలి. మా ఆపరేషన్ థియేటరులో పరికరాలను ఆటోక్లేవ్‌లో పెట్టేది కూడా ఇటువంటి కారణంచేతనే.

మలబద్ధకం, పాలు సరిగా చప్పరించలేకపోవుట, ఏడుపు సన్నగిల్లుట, కనురెప్పలు వాలిపోవుట, మెడ నిలపలేక గుడ్డబొమ్మలా వ్రేలాడుట – ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. పాలిచ్చే తల్లి తేనె తినవచ్చును, పాల ద్వారా బిడ్డకు ఈ జబ్బు రాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు మా అత్తగారు ఉంగరం తేనెలో ముంచి బిడ్డ నాలుకకు రాశారు. నేను నర్సునై ఉండి కూడా పెద్దావిడను ఏమనగలనని ఊరుకున్నాను. బిడ్డకు ఏమీ కాలేదు. కానీ ఏమీ కాకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. ఇప్పుడు మా ప్రసూతి వార్డులో నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఈ మాట నేనే చెబుతున్నాను. చెబితే వినేవారే ఎక్కువ.

రెండవ పాఠం: తేనె కూడా చక్కెరే

"తేనె కేకు కాబట్టి షుగరు పెరగదు కదా" అని ఆ ఇంటి నాయనమ్మ రోజూ రెండు ముక్కలు తినేవారు. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. చెంచా పంచదారలో సుమారు 16 కాలరీలుంటే, చెంచా తేనెలో సుమారు 20 ఉంటాయి, ఎందుకంటే తేనె బరువైనది. గనుక షుగరున్నవారికి తేనె కేకు మందు కాదు, మిఠాయి. పండుగనాడు చిన్న ముక్క తింటే, ఆ పూట అన్నం అంతమేరకు తగ్గించుకోవాలి.

కేకులో తేనె వాడేవారు కొలత తెలుసుకుంటే వృథా కాదు. ఒక కప్పు పంచదారకు బదులు ముప్పావు కప్పు తేనె చాలు. పాలు లేక నీళ్ళు పావు కప్పు తగ్గించండి. తేనెలో పులుపు గుణం ఉంది గనుక అర చెంచా వంటసోడా కలపండి. తేనె త్వరగా మాడుతుంది గనుక ఓవెన్ వేడిని 15 డిగ్రీలు తగ్గించండి. కుక్కరులో ఇసుక పోసి కేకు చేసేవారు మూత రబ్బరును, విజిల్‌ను తప్పక తీసివేయాలి. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, పిండి రాయవద్దు. 20 నిమిషాలు కుళాయి నీటి ధార క్రింద ఉంచండి.

మూడవ పాఠం: తేనెటీగ కుట్టినప్పుడు

కోడలు వచ్చి వెళ్ళిన నెలరోజులకే తాతగారిని ఆటోలో మా అత్యవసర విభాగానికి తెచ్చారు. ఒకే ఒక్క తేనెటీగ మెడమీద కుట్టింది. అంతకు మునుపు ఎన్నోసార్లు కుట్టినా ఆయనకు ఏమీ కాలేదు. అందుకే ఇంట్లోవారు సున్నం రాసి పడుకోబెట్టారు. పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చాయి. మా దగ్గరకు వచ్చేసరికి బి.పి. పడిపోయింది. డ్యూటీ డాక్టరు గారు తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజక్షన్ చేయించి, ఆక్సిజన్, సెలైన్ పెట్టించారు. దేవుని దయవలన ఆయన కోలుకున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ ఇంటివారికి తెలుసు, మాకూ తెలుసు.

ఎన్నోసార్లు కుట్టినా ఏమీ కానివారికి సైతం ఒకనాడు ఎలర్జీ రావచ్చును. బి.పి.కి, గుండెకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి అటువంటి ఎలర్జీ మరింత తీవ్రం కాగలదు. వారు తేనెటీగలు పెంచేముందు డాక్టరును తప్పక సంప్రదించాలి. అయితే మాత్రలు తమంతట తాము మానరాదు.

కుట్టిన వెంటనే చేయవలసినవి:

1. తేనెటీగ ముల్లు చర్మంలోనే ఉండి, దాని విషపు సంచి ఇంకా విషం పంపుతూ ఉంటుంది. గోటితో గీకైనా, లాగైనా క్షణాల్లో తీసివేయండి. ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం.
2. సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ పెట్టండి. ఉంగరం, గాజులు తీసివేయండి.
3. ఒళ్ళంతా దద్దుర్లు, నాలుక వాపు, ఆయాసం, వాంతి, కళ్ళు తిరుగుట – వీటిలో ఏది కనిపించినా, నోటిలో కుట్టినా, ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచండి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి.
4. పదుల సంఖ్యలో కుడితే బాగానే ఉన్నట్టున్నా ఆస్పత్రికి రండి. విషం మూత్రపిండాలను దెబ్బతీయవచ్చును.

నాలుగవ పాఠం: పెట్టె ఎక్కడ ఉండాలి?

తేనెటీగలు మనకు శత్రువులు కావు. ఒక ఈగ తన జీవితకాలమంతా కష్టపడితే కూడేది చెంచాలో పన్నెండవ వంతు తేనె మాత్రమే. 1851లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు గారు ఒక సంగతి గమనించారు. పట్టుల మధ్య అంగుళంలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ ఖాళీ విడిస్తే, ఈగలు దానిని మైనంతో పూడ్చవు. అప్పటినుండి పట్టును నాశనం చేయకుండా చట్రాలు పైకి తీసి తేనె తీయడం సాధ్యమైంది. మన పుట్ట తేనెటీగలకు సరిపోయే చిన్న పెట్టెను దక్షిణ భారతంలో ఫాదర్ న్యూటన్ అనే మిషనరీ రూపొందించారు. దానిని నేటికీ న్యూటన్ పెట్టె అనే పిలుస్తారు.

పట్నంలో పెంచదలచినవారు ముందు ఇరుగుపొరుగువారిని అడగాలి. ఆ ఇళ్ళలో ఎవరికైనా ఎలర్జీ ఉంటే ఆ ఆలోచన మానుకోవాలి. పెట్టె ద్వారం మనుషులు నడిచే దారివైపు ఉండరాదు. దగ్గరలో గులకరాళ్ళు వేసిన నీళ్ళ పళ్ళెం ఉంచితే పక్కింటి కుళాయిల దగ్గరకు వెళ్ళడం తగ్గుతుంది. ముఖానికి వల లేకుండా, ఒంటరిగా పెట్టె తెరవరాదు. అపార్టుమెంటు గోడలకు వ్రేలాడే పెద్ద తేనెపట్టులు వేరే జాతివి. వాటిపై రాళ్ళు వేయవద్దు, పొగ పెట్టవద్దు, తెలిసినవారిని పిలిపించండి.

తాతగారు డిశ్చార్జి అయ్యే రోజున డాక్టరు గారు, "పెట్టెలు కావాలో, మనుమరాలి పెళ్ళి చూడాలో మీరే చెప్పండి" అన్నారు. ఆయన కంటతడి పెట్టుకున్నారు. చివరికి పెట్టెలు రెండూ ఊరిలోని తమ్ముని నిమ్మతోటకు వెళ్ళాయి. తేనె మాత్రం ఇంటికి వస్తూనే ఉంది.

మొన్న ఆ కోడలు మా స్టాఫ్‌కు ఒక కేకు పంపింది. డబ్బా మూతపై చీటీ అంటించి ఉంది: "ఇందులో తేనె ఉన్నది. ఏడాది నిండని పిల్లలకు పెట్టవద్దు." ఇరుగుపొరుగుకు కేకులు పంచే ప్రతి తల్లీ ఈ చీటీ అంటించాలని నా మనవి. మన ఇంటి కేకు ఎవరి ఇంటి ఉయ్యాల దగ్గరకు చేరుతుందో మనకు తెలియదు కదా.