మన తోట కాఫీ మనమే కాచుకుందాం



మన పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండుతుంది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరి మన ఇళ్ళల్లో ఆ కాఫీ తాగేవాళ్ళం ఎందరం? మా పళ్ళన్నీ సంతకే పోతాయి. చుట్టాలొస్తే దుకాణంలో కొన్న పొడి కలిపి ఇస్తాం.

పోయిన ఏడు సంక్రాంతి సెలవుల్లో నేను ఒక బుట్టెడు పళ్ళు ఉంచుకొని మట్టి నేల మీద ఆరబోశాను. మంచుకి తడిసి బూజు పట్టాయి. అయినా కాఫీ కాచాను. ముక్క వాసన! అయ్య ఒక గుక్క తాగి ఊసేశాడు. ఈ ఏడు అమ్మా నేనూ జాగ్రత్తగా చేశాం, కుదిరింది. ఆ పద్ధతి ఇదీ:

1. కోత: ఎర్రగా పండినవే కోయాలి. పచ్చికాయ కలిస్తే కాఫీ వగరుగా ఉంటుంది.

2. కడగడం: కోసిన రోజే తొక్క తీసి, గింజలను ఒక రాత్రి నీళ్ళలో ఉంచాలి. జిగురు పోయేదాకా కడగాలి. చలి ఎక్కువైతే ఇంకొంత సేపు నాననివ్వాలి.

3. ఆరబెట్టడం: నేల మీద వద్దు. ఎత్తుగా కట్టిన తడక మీద వారం, పది రోజులు ఆరాలి. మంచు పడకముందే కప్పెయ్యాలి.

4. దంచడం: రోట్లో మెల్లగా దంచి, పెంకు పోయేలా చేటతో చెరగాలి. సుమారు 6 కిలోల పళ్ళకు 1 కిలో గింజలు వస్తాయి.

5. వేయించడం: మూకుడులో సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతూ వేయించాలి. గింజలు చిటపటమంటాయి. చింతపిక్క రంగు రాగానే చేటలో పోసి చల్లార్చాలి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి.

6. పొడి: ఏ రోజుకు కావలసింది ఆ రోజే రవ్వలా దంచుకోవాలి. పొడి నిలవుంటే వాసన పోతుంది.

7. కాచడం: 150 మిల్లీలీటర్ల నీళ్ళకు 10 గ్రాముల పొడి. నీళ్ళు మరిగాక దించి, అర నిమిషం ఆగి పొడి మీద పొయ్యాలి. 4 నిమిషాలు మూత పెట్టి, శుభ్రమైన గుడ్డతో వడకట్టాలి. పొడి వేసి మరగబెడితే చేదు ఎక్కువవుతుంది. పాలు, బెల్లం మీ ఇష్టం.

ఈసారి అయ్య రెండో గ్లాసు అడిగాడు. తాగి, "ఇంత మంచి సరుకులో పచ్చికాయలు కలిపి మనమే పాడు చేసుకుంటున్నాం" అన్నాడు. నిజమే కదా! పచ్చికాయ ఉందని సంతలో షావుకారు ధర తగ్గిస్తే మనం నోరెత్తలేం. అన్నీ పండువే అయితే ధైర్యంగా అడగొచ్చు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా కాఫీ కొంటుంది. అక్కడి ధర తెలుసుకున్నాకే సంతకు పోవాలి. మన సరుకు రుచి మనకే తెలియకపోతే దాని విలువ ఎలా చెప్పగలం?

కనుక మిత్రులారా, వచ్చే కోతలకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక బుట్టెడు పళ్ళు ఉంచుకోండి. వార్డెన్ సారు అనుమతిస్తే ఒక ఆదివారం మన వంటశాలలో నేనే చేసి చూపిస్తాను. మొదటి గ్లాసు సారుకే!

– 9వ తరగతి విద్యార్థిని