ఒక తల్లి రాసిన ఉత్తరం

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

పోలీసుల మాట వచ్చినప్పుడల్లా మనలో ఎవరో ఒకరు ఇలాగే అంటారు. దొంగతనం జరిగితే ఠాణాకు పోతాం. మొగుడు కొడితే ఠాణాకు పోతాం. ఠాణాలోనే కొడితే ఎక్కడికి పోవాలి?

ఈ ప్రశ్నకు ఒక తల్లి జవాబు వెతికింది. ఇది కల్పించిన కథ కాదు. జరిగిన సంగతి. సుప్రీం కోర్టు తీర్పులో రాసి ఉంది.

ఆమె పేరు నీలాబతి బెహరా. మన శ్రీకాకుళం దాటితే ఒడిశా. అప్పట్లో ఒరిస్సా అనేవారు. ఆ రాష్ట్రంలో సుందర్‌గఢ్ జిల్లా ఉంది. ఆ జిల్లాలో జెరైకెలా అనే ఊరు. అక్కడ ఒక పోలీసు ఔట్‌పోస్టు ఉంది. ఔట్‌పోస్టు అంటే పెద్ద ఠాణా కింద పనిచేసే చిన్న ఠాణా.

1987 డిసెంబరు 1. ఉదయం ఎనిమిది గంటల వేళ. నీలాబతి కొడుకు సుమన్‌ను పోలీసులు తీసుకుపోయారు. దొంగతనం కేసులో విచారించాలి అన్నారు. సుమన్ వయసు 22 ఏళ్ళు. పగలంతా ఔట్‌పోస్టులోనే ఉంచారు. రాత్రి ఎనిమిదింటికి తల్లి అన్నం పట్టుకుని వెళ్ళింది. వెంట ఒక చుట్టం ఉన్నాడు. కొడుకు అన్నం తిన్నాడు. వాళ్ళు తిరిగి వచ్చేశారు.

అదే ఆఖరి చూపు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు ఆమెకు కబురు అందింది. సుమన్ శవం రైలు పట్టాల మీద పడి ఉందట. ఒంటినిండా గాయాలు.

పోలీసులు ఏమన్నారు? "తెల్లవారుజామున మూడింటికి పారిపోయాడు. కట్టిన తాడును పళ్ళతో కొరికి పారిపోయాడు. తర్వాత రైలు కింద పడ్డాడు" అన్నారు.

తల్లి నమ్మలేదు. కానీ నమ్మకపోతే ఏం చేయగలదు? లోపల ఏం జరిగిందో ఆమె చూడలేదు. చూసినవాళ్ళు పోలీసులే. వాళ్ళు చెప్పరు.

1988 సెప్టెంబరు 14న ఆమె పేరుతో ఒక ఉత్తరం సుప్రీం కోర్టుకు పోయింది. నా కొడుకు పోలీసుల చేతిలో చచ్చిపోయాడు, నాకు న్యాయం చేయండి, నష్టపరిహారం ఇప్పించండి అని ఆ ఉత్తరం సారాంశం. స్టాంపు కాగితం కాదు. మామూలు ఉత్తరం. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది. దాన్ని రిట్ అంటారు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన హక్కును ప్రభుత్వం దెబ్బతీస్తే, నేరుగా పెద్ద కోర్టుకు చెప్పుకునే దారి అది. మన రాజ్యాంగంలో 32వ అధికరణం ఆ దారి ఇచ్చింది.

సుప్రీం కోర్టు సుందర్‌గఢ్ జిల్లా జడ్జిని విచారించమంది. ఆయన ఇరుపక్షాల సాక్షులనూ విన్నాడు. 1991 సెప్టెంబరులో నివేదిక పంపాడు. ఠాణాలో తగిలిన దెబ్బల వల్లనే సుమన్ చనిపోయాడని అందులో రాశాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. అందుకని సుప్రీం కోర్టు సాక్ష్యాలను మళ్ళీ చూసింది.

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. పోలీసుల మాట ఎలా వీగిపోయిందో చూడండి.

శవాన్ని పరీక్షించిన డాక్టరు సాక్ష్యం ఉంది. ఆ గాయాలు మొద్దు వస్తువుతో కొడితే తగిలేవి. లాఠీ దెబ్బలు అలాంటి గాయాలే చేస్తాయి. ఆ గాయాలన్నీ రైలు వల్ల తగిలినవి కావు.

ఇంకొకటి. ఖైదీ పారిపోతే పోలీసులు ఊరుకుంటారా? ఊరంతా గాలిస్తారు. ఇంటికొచ్చి తలుపులు బాదుతారు. కానీ సుమన్ కోసం వెతికినట్టు నమ్మదగిన సాక్ష్యం ఒక్కటీ లేదు. పొద్దున్నే రైల్వే పనివాళ్ళు శవాన్ని చూశారు. పోలీసులు అక్కడికి చాలా ఆలస్యంగా వచ్చారు. పారిపోయినవాడి మీద అంత నిదానం ఎందుకు?

అన్నిటికంటే పెద్ద మాట మరొకటి ఉంది. మనిషి పోలీసుల చేతిలో ఉన్నాడు. ఆ సంగతి వాళ్ళే ఒప్పుకున్నారు. అలాంటప్పుడు అతను ఎలా చచ్చిపోయాడో చెప్పాల్సింది తల్లి కాదు, పోలీసులే అంది కోర్టు. తల్లి ఎక్కడినుంచి సాక్ష్యం తెస్తుంది? గోడ లోపలి సంగతి గోడ బయట ఉన్న మనిషిని అడగడం అన్యాయం కదా.

1993 మార్చి 24న తీర్పు వచ్చింది. ఒరిస్సా ప్రభుత్వం ఆ తల్లికి 1,50,000 రూపాయలు ఇవ్వాలి. కోర్టు ఖర్చుల కింద మరో 10,000 కట్టాలి.

"లక్షన్నరకు కొడుకు వస్తాడా?" అంటారు మీరు. రాడు. ఆ తల్లికీ తెలుసు. కానీ ఆ కాగితం లేకపోతే, ఆమె కొడుకు తాడు కొరికి పారిపోయిన దొంగగానే మిగిలిపోయేవాడు. నాకు డబ్బు కంటే అదే పెద్దదిగా తోస్తుంది. ఇంకో సంగతి. పరిహారం ఇచ్చేస్తే కొట్టినవాళ్ళ తప్పు మాఫీ కాదు. వాళ్ళ మీద క్రిమినల్ కేసు వేరు.

అంతకు ముందు ప్రభుత్వాలు ఒక పాత వాదం చేసేవి. రాజు మీద దావా చెల్లదు, కాబట్టి సర్కారు మీదా చెల్లదు అని. ప్రాథమిక హక్కుల కేసులో ఆ వాదం పనికిరాదని ఈ తీర్పు గట్టిగా చెప్పింది.

మన రాయలసీమలోనూ ఇలాంటి కేసు ఒకటి నడిచింది. కోయిలకుంట్ల అప్పుడు కర్నూలు జిల్లా. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. 1977 మే నెలలో ఒక రాత్రి అక్కడి సబ్ జైలులోకి దుండగులు చొరబడి బాంబులు వేశారు. లోపల ఉన్న తండ్రి చనిపోయాడు. కొడుకు గాయాలతో బతికాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పినా సరిగా కాపలా పెట్టలేదని ఆ కుటుంబం ప్రభుత్వం మీద దావా వేసింది. కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంది. ప్రభుత్వం సుప్రీం కోర్టుకు పోయింది. అక్కడ ఓడింది. అప్పటికి ఏ సంవత్సరం వచ్చిందనుకున్నారు? 2000. అంటే 23 ఏళ్ళు. మామూలు దావా అంత నిదానంగా నడుస్తుంది. రిట్ కొంత తొందరగా తేలుతుంది. కానీ పంపిన ప్రతి ఉత్తరాన్నీ కోర్టు కేసుగా తీసుకోదు. సంగతి స్పష్టంగా ఉండాలి. అందుకే తేదీలు, టైములు, కాగితాలు కావాలి.

ఇక మన ఇంటికి పోలీసులు వస్తే ఏం గుర్తుంచుకోవాలి?

పొద్దు కుంకిన తర్వాత, తెల్లవారక ముందు ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా కారణం రాసి, ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. ఒంటిని సోదా చేయాలంటే ఆడమనిషే చేయాలి, అదీ మర్యాదగా. సాక్ష్యం అడగడానికి ఆడవాళ్ళను ఠాణాకు పిలవకూడదు. ఇంటికే వచ్చి అడగాలి. 2024 జులై 1 నుంచి పాత చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది. ఈ రక్షణలు మాత్రం పోలేదు.

ఆడవాళ్ళనైనా, మగవాళ్ళనైనా అరెస్టు చేస్తే 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దారి ప్రయాణం టైము మాత్రం ఇందులో లెక్క కాదు. ఎక్కడ ఉంచారో ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. కొట్టి ఉంటే మేజిస్ట్రేటు ముందే నోరు విప్పాలి. "అయ్యా, నన్ను కొట్టారు. డాక్టరుకు చూపించండి" అనాలి. చాలామంది అక్కడ భయపడి తల వంచుకుంటారు. తర్వాత దెబ్బలు మానిపోతాయి. సాక్ష్యమూ మానిపోతుంది.

మనం కొత్తగా చదువు నేర్చుకున్నాం కదా. అందుకే ఈ మాట. తెల్ల కాగితం మీద సంతకం పెట్టవద్దు. వేలిముద్ర అసలే వద్దు. మనం ఫిర్యాదు ఇస్తే దాన్ని రాసుకుని మనకు చదివి వినిపించాలి. అప్పుడే సంతకం పెట్టాలి. దాని నకలు మనకు ఉచితంగా ఇవ్వాలి. విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మాత్రం సంతకం అక్కరలేదు.

"వకీలుకు డబ్బెక్కడిది?" అని అడుగుతారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 కు ఫోను చేసినా చెబుతారు. ఖర్చు లేదు.

ఠాణావాళ్ళ మీద ఫిర్యాదు జిల్లా ఎస్పీకి పంపవచ్చు. మేజిస్ట్రేటుకు చెప్పుకోవచ్చు. అమరావతిలో, హైదరాబాదులో హైకోర్టులున్నాయి. రిట్ అక్కడా వేయవచ్చు. ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉంది. దానికి తెలుగులోనే రాయవచ్చు. ఫీజు లేదు. జరిగిన సంవత్సరం లోపల రాయాలి. అది తీర్పు ఇవ్వదు. విచారించి, పరిహారం ఇవ్వండి, చర్య తీసుకోండి అని ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది.

ఉత్తరం ఎలా ఉండాలో కింద చూడండి. చుక్కలున్న చోట మాటలు నింపి, మీ నోటు పుస్తకంలో రాయండి.

జాతీయ మానవ హక్కుల కమిషన్ వారికి,
న్యూఢిల్లీ.

అయ్యా,

నా పేరు ......... . మాది ......... గ్రామం, ......... మండలం, ......... జిల్లా.

......... తేదీన, ......... గంటలకు, ......... ఠాణా పోలీసులు మా ఇంటికి వచ్చారు. నా ......... ను తీసుకుపోయారు. ఎందుకని అడిగితే ......... అన్నారు. అప్పుడు చూసినవాళ్ళు ......... , ......... .

నేను ......... తేదీన ఠాణాకు వెళ్ళాను. అక్కడ ......... చూశాను.

ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం నకలు దీనితో పంపుతున్నాను.

విచారణ జరిపించి, నాకు నష్టపరిహారం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
.........
తేదీ .........

ఉత్తరానికి రెండు నకళ్ళు తీయించండి. అసలు కాగితాలు పంపవద్దు. స్పీడు పోస్టులో పంపి, రసీదు అడిగి తీసుకోండి. రసీదును నకలుతో కలిపి ట్రంకు పెట్టెలో దాచండి.